నర్సరీ సీటుకి ఖుర్రా వేయండి

మూడేళ్ల బిడ్డకి ఇమ్తిహాన్ పెట్టే బడి నిజానికి కొలుస్తున్నది తల్లిదండ్రుల్ని. అమ్మీ ఎంత చదివింది, అబ్బా ఎక్కడ నౌకరీ చేస్తాడు, ఇల్లు ఏ మొహల్లాలో ఉంది, ఆ ఇంట్లో ఏ జబాన్ నడుస్తుంది అని చూస్తుంది. ఈ నాలుగూ చూసుకున్నాక బిడ్డ తలరాత రాసేస్తుంది. దీన్ని మనం 'మంచి బడిలో సీటు దొరకడం కష్టం' అనే ఒక్క మాటతో సర్దుకుపోతున్నాం. ఇది కష్టం కాదు, నాఇంసాఫీ. ఇందులో సర్కారుకి వాటా ఉంది, కార్పొరేట్ బడులకి వాటా ఉంది, మన ఖౌమ్ నడిపే బడులకి కూడా వాటా ఉంది. చివరి మాట కొందరికి కడుపు మండిస్తుందని తెలుసు. అయినా రాస్తాను.

హైదరాబాద్‌లో దసరా సెలవులు అయ్యాయంటే ఈ మౌసమ్ మొదలవుతుంది. వచ్చే జూన్‌లో నర్సరీలో చేరాల్సిన పిల్లల కోసం ఇప్పట్నుంచే ఫారాలు. టోలీచౌకీ, మెహదీపట్నం, మలక్‌పేట, ఎక్కడ చూసినా వాట్సాప్ గ్రూపుల్లో అమ్మీల సవాళ్లు ఇవే. ఫలానా బడిలో ఫారం ఇస్తున్నారా? ఏం అడుగుతున్నారు? రంగులు అడిగారా, ఆకారాలు అడిగారా? ఇద్దరం వెళ్లాలా? బురఖా వేసుకుని వెళ్తే ఏమైనా అనుకుంటారా? రిష్తా చూసేటప్పుడు కూడా మనవాళ్లు ఇంత తహ్‌ఖీఖ్ చేయరు. బడివాళ్లు దీన్ని ఇంటర్వ్యూ అనరు. 'ఇంటరాక్షన్' అంటారు. పేరు మారితే చట్టం కంటికి కనపడదని వాళ్ల హిసాబ్.

మా చిన్న బిడ్డకి మూడు నిండాక మేమూ ఐదు బడుల ఫారాలు తీసుకున్నాం. ఫారాల ఖర్చే ఏడు వేలు దాటింది. అందులో రెండు బడుల నుంచి పిలుపొచ్చింది. ఒక బడి సంగతి చెబుతాను, పేరు అనవసరం.

చిన్న గది. చిన్న బల్ల. బల్ల మీద రంగు చెక్కముక్కలు, చెక్కతో చేసిన పళ్లు, కూరగాయలు. టీచరమ్మ మర్యాదగానే మాట్లాడింది. ఎర్ర ముక్క చూపించి ఇది ఏ రంగు అని ఇంగ్లీషులో అడిగింది. మా బిడ్డ 'లాల్' అన్నది. పసుపు ముక్క చూపిస్తే 'పీలా' అన్నది. ఆకుపచ్చకి 'హరా'. వంకాయ చూపిస్తే 'బైంగన్' అని నవ్వింది, ఆ మాట దానికి ఎందుకో ఇష్టం. అక్క ఉందా అని అడిగితే తలూపి 'హౌ' అన్నది. మీరే చెప్పండి, ఇందులో తప్పు జవాబు ఏదైనా ఉందా? రంగు తెలుసు, కూరగాయ తెలుసు, అడిగింది అర్థమైంది, కొత్త మనిషి ముందు భయపడకుండా జవాబిచ్చింది. టీచరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది.

తర్వాత సవాళ్లన్నీ మా బేగంకే. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడతారా? హోంవర్క్ ఎవరు చేయిస్తారు? మీరు ఏ మీడియంలో చదివారు? ఆమె బీఎస్సీ చేసింది. ఉర్దూ, తెలుగు రెండూ ధారాళంగా మాట్లాడుతుంది. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకుంటుంది, మాట్లాడాలంటే ఆగి ఆగి మాట్లాడుతుంది. ఆ ఆగడాన్ని వాళ్లు చూశారు. నన్ను అడిగింది ఒక్కటే. తెలుగు పత్రికలో ఉద్యోగమా, పర్మనెంటేనా?

నాలుగు రోజులకి ఫోన్లో మెసేజ్ వచ్చింది. ఈసారి సీటు ఇవ్వలేకపోతున్నాం అని. కారణం లేదు. ఫోన్ చేసి అడిగితే ఆఫీసు అమ్మాయి మెత్తగా చెప్పింది, 'పాప ఇంకా రెడీగా లేదు సార్' అని. దేనికి రెడీ? బడికి వెళ్లి నేర్చుకోవడానికి రెడీగా లేదా, బడికి వెళ్లకముందే అన్నీ నేర్చుకుని రావడానికి రెడీగా లేదా? మా బేగం మాత్రం ఒక్క మాటలో తేల్చేసింది: 'ఉసే నై జీ, మేరేకు ఫేల్ కరే.' దాన్ని కాదు, నన్ను ఫేల్ చేశారు. ఈ మొత్తం వ్యవహారం మీద ఇంతకంటే సహీ తబ్‌సరా నేను ఎక్కడా చదవలేదు.

సీటు రాకపోవడం పెద్ద నష్టం కాదు. ఇంకో బడి ఉంది, మొహల్లాలోనే ఉంది, అందులో బాగానే చదువుకుంటోంది. అసలు నుఖ్సాన్ ఇంట్లో జరిగింది. ఆ మెసేజ్ వచ్చిన దగ్గర్నుంచి బిడ్డ 'లాల్' అంటే 'లాల్ అనకు బేటా, రెడ్ అను' అని దిద్దడం మొదలైంది. పానీ అనకు, సేబ్ అనకు, బైంగన్ అనకు. పది రోజులు కాకుండానే బిడ్డ దాదీ దగ్గరకి వెళ్లి నిలబడి, నీళ్లు కావాలని అడగడానికి మాట వెతుక్కుంది. ఏ మాట అంటే ఎవరు ఏమంటారో తెలియక గ్లాసు వైపు వేలు చూపించింది. మా అమ్మీ కంగారుపడి 'బచ్చీకు క్యా హువా?' అని అడిగింది. ఆ రాత్రే మా బేగం దిద్దడం ఆపేసింది. కానీ ఈ శహర్‌లో ఎన్ని ఇళ్లల్లో ఈ దిద్దుడు ఆగకుండా నడుస్తోందో ఆలోచించండి. ఒక బడి ఇరవై నిమిషాల ఇంటరాక్షన్‌తో, సీటు కూడా ఇవ్వకుండా, ఒక ఇంటి మాదరీ జబాన్‌ని సిగ్గుపడాల్సిన వస్తువుగా మార్చేస్తోంది. తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022లో ఆ దర్జా ఇచ్చారు. సెక్రటేరియట్‌లో పనికొచ్చే జబాన్ నర్సరీ గదిలో సున్నా మార్కులు తెచ్చుకుంటోంది.

నేను పాలమూరు వైపు ఉర్దూ మీడియం సర్కారీ బడిలో చదివాను. అప్పుడూ ఒక ఇమ్తిహాన్ ఉండేది. హెడ్‌మాస్టర్ సాబ్ పిల్లవాడిని ఎదురుగా నిలబెట్టి, కుడి చెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోమనేవారు. చెవి అందితే ఒకటో తరగతి. అందకపోతే వచ్చే సంవత్సరం రా బేటా. పుట్టినరోజు కాగితాలు లేని ఇళ్లల్లో వయసు కొలిచే పద్ధతి అది. అందులో శాస్త్రం ఎంత ఉందో నాకు తెలియదు గానీ ఇంసాఫ్ ఉంది. పటేల్ కొడుకు చెయ్యీ, పంక్చర్ షాపు వాడి కొడుకు చెయ్యీ ఒకేలా పెరుగుతాయి. చెయ్యి అమ్మీ డిగ్రీ అడగదు. నేను తెలుగు తర్వాత నేర్చుకున్నాను, తెలుగులోనే డిగ్రీ చేశాను, ఇప్పుడు తెలుగు రాసే రోటీ సంపాదిస్తున్నాను. మూడేళ్లప్పుడు నన్ను తెలుగులో రంగులు అడిగి ఉంటే ఒక్కటీ చెప్పేవాణ్ని కాదు. మూడేళ్లప్పుడు ఏ జబాన్ వచ్చు అన్నదాన్ని బట్టి ముప్పై ఏళ్లకి ఏమవుతారో చెప్పగలమనే బడులకి నాలాంటి వాళ్లు వందలమంది జవాబు.

ఈ ఛాంటుడు కొత్తదేమీ కాదు. మన శహర్‌లోనే 1923లో ఏడో నిజాం జమానాలో బేగంపేటలో జాగీర్దార్స్ కాలేజ్ పెట్టారు. పేరులోనే ఉంది, జాగీర్దార్ల కొడుకుల కోసం. అడ్మిషన్‌కి కావాల్సిన అర్హత ఒక్కటే, ఖాందాన్. జాగీర్లు రద్దయ్యాక 1951లో అది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది, ఆమ్ జనం పిల్లలకి దర్వాజా తెరుచుకుంది. జాగీర్దారీ పోయిందని మనం ఖుష్ అయ్యాం. డెబ్బై ఏళ్లు దాటాక చూస్తే శహర్ అంతటా చిన్న చిన్న జాగీర్దార్ కాలేజీలు తయారయ్యాయి. ఇప్పుడు ఫర్మానా బదులు ప్యాకేజీ అడుగుతారు, ఖితాబు బదులు కంపెనీ పేరు అడుగుతారు. ఒక విషయంలో ఆ పాతవాళ్లే నయం. ఖాందాన్ చూస్తున్నామని సాఫ్‌గా చెప్పేవారు. ఇప్పటివాళ్లు ఖాందాన్ చూసి, బిడ్డకి తెలివి చాల్లేదని చెబుతారు.

కానూన్ ఏమంటుందో చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకునేటప్పుడు డొనేషన్ తీసుకోకూడదు, పిల్లని గానీ తల్లిదండ్రుల్ని గానీ వడపోయకూడదు. వడపోత అంటే ఏమిటో కూడా ఆ చట్టమే చెప్పింది. ఒక పిల్లని వదిలి ఇంకో పిల్లని తీసుకోవడానికి లాటరీ కాకుండా వేరే ఏ పద్ధతి వాడినా అది వడపోతే. మొదటిసారి పట్టుబడితే 25,000 రూపాయల దాకా, తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జుర్మానా. డొనేషన్ తీసుకుంటే తీసుకున్నదానికి పదింతల దాకా. 2010 నవంబర్‌లో కేంద్ర మానవ వనరుల శాఖ ఇంకా సాఫ్‌గా హిదాయత్ ఇచ్చింది. పరీక్షలు వద్దు, ఇంటర్వ్యూలు వద్దు, తల్లిదండ్రుల చదువుని బట్టి పిల్లని అంచనా వేయొద్దు అని.

మరి ఇవన్నీ ఎందుకు నడుస్తున్నాయి? ఎందుకంటే ఆ చట్టంలో పిల్లలంటే 6 నుంచి 14 ఏళ్లవాళ్లు. నర్సరీ బిడ్డకి మూడే. 2013 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఇదే మాట చెప్పింది. పేద పిల్లలకి కేటాయించిన 25 శాతం సీట్లు తప్పిస్తే, ఆరేళ్లు నిండని పిల్లల నర్సరీ అడ్మిషన్లకి ఈ వడపోత నిషేధం వర్తించదని. నర్సరీకి కూడా వర్తించేలా చట్టం మార్చడం గురించి సర్కారు ఆలోచించాలనీ అన్నది. సర్కారు ఇంకా ఆలోచిస్తూనే ఉంది. ఇక్కడ చాలాకీ ఏమిటో గమనించండి. పెద్ద బడుల్లో ఒకటో తరగతికి సీట్లు మిగలవు. నర్సరీలో చేరినవాళ్లే పైకి వస్తారు. అంటే వడపోత నిషేధం మొదలయ్యే వయసుకి ముందే వడపోత పూర్తయిపోతుంది. తాళం దొంగతనం అయిన గదికి వేశారన్నమాట.

ఢిల్లీలో అయినా కొంత లడాయి జరిగింది. అశోక్ గంగూలీ కమిటీ సిఫారసుల తర్వాత 2007 నాటికి నర్సరీ ఇంటర్వ్యూలు ఆపి, ఇల్లు ఎంత దూరం, అన్నో అక్కో అదే బడిలో ఉన్నారా వంటి వాటికి పాయింట్లు ఇచ్చే పద్ధతి తెచ్చారు. పాయింట్లలోనూ బడులు ఖేల్ ఆడాయి, అమ్మానాన్నల అలవాట్లకి కూడా పాయింట్లు పెట్టాయి, దాని మీద మళ్లీ కోర్టులు నడిచాయి. అయినా అక్కడ దీని మీద బహస్ ఉంది. పేపర్లో వార్త వస్తుంది. ఇక్కడ బహస్ కూడా లేదు. 25 శాతం సీట్ల సంగతే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఆలస్యంగానైనా ఒకటో తరగతి సీట్లకి అమలు మొదలుపెట్టారు. తెలంగాణలో ఏళ్ల తరబడి అది కాగితం మీదే ఉండిపోయింది. 2016లో తెచ్చిన మైనారిటీ గురుకులాలు మంచి పని, ఆ పిల్లల్ని నేను దగ్గర్నుంచి చూశాను. కానీ అవి ఐదో తరగతి నుంచి మొదలవుతాయి. మూడేళ్ల బిడ్డకీ ఐదో తరగతికీ మధ్య ఉన్న ఏడేళ్లు మొత్తం ఫీజు కట్టగలిగేవాడి చేతుల్లోనే ఉన్నాయి.

ఇప్పుడు మన ఇంటి సంగతి.

మన ఖౌమ్ వాళ్లు పెట్టిన మంచి ఇంగ్లీషు మీడియం బడులు హైదరాబాద్‌లోనే కాదు, కర్నూలు, గుంటూరు, నిజామాబాద్ వైపు కూడా ఉన్నాయి. దీనీ తాలీమ్, దునియావీ తాలీమ్ రెండూ ఒకే చోట అని బోర్డు మీద రాసుకుంటాయి. వీటిలో చాలావాటికి డిమాండ్ ఉంది, కాబట్టి ఇక్కడా ఇంటరాక్షన్ ఉంది. వేరే బడిలో బిడ్డని రంగులు అడిగితే, ఇక్కడ రంగులతో పాటు కలిమా, రెండు దువాలు అడుగుతారు. అమ్మీ ఎంత చదివిందో ఇక్కడా అడుగుతారు. అబ్బా దుబాయ్‌లో ఉన్నాడా, సౌదీలో ఉన్నాడా, ఇక్కడే ఆటో నడుపుతున్నాడా అన్నది ఇక్కడా తేలుస్తారు.

వీళ్లకి కానూన్ అడ్డు కూడా లేదు. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీం కోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్, మైనారిటీ బడులకి విద్యాహక్కు చట్టమే వర్తించదని తీర్పు ఇచ్చింది. 30వ ఆర్టికల్ ఇచ్చిన హక్ అది. ఆ తీర్పు సరైనదేనా అని 2025 సెప్టెంబర్ 1న ఇద్దరు జడ్జీల బెంచ్ సందేహం వెలిబుచ్చి, పెద్ద బెంచ్ తేల్చాలని చీఫ్ జస్టిస్ ముందు పెట్టింది. ఆ ఫైసలా ఏమవుతుందో కోర్టు చూసుకుంటుంది. నాకు 30వ ఆర్టికల్ జాన్‌తో సమానం. దాన్ని ఎవరు ముట్టుకోబోయినా రాస్తాను. కానీ మన మేనేజ్‌మెంట్లని ఒక మాట అడగాలి. ఆ హక్ మీకు ఎందుకు వచ్చింది? ఈ ఖౌమ్ బిడ్డలు చదువులో వెనకబడకూడదనా, లేక ఖౌమ్‌లో పైన ఉన్న పది ఇళ్లవాళ్లకి వేరే క్లబ్బు ఉండాలనా?

2006లో సచ్చర్ కమిటీ చెప్పిన సంగతి మనం మీటింగుల్లో ప్రతిసారీ చదువుతాం. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు బడి ముఖం చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో అని. మదర్సాలకి వెళ్లేది మూడు శాతమే అని కూడా. అంటే మన పిల్లల భవిష్యత్ ఆమ్ బడుల మీదే ఆధారపడి ఉంది. ఆ నాలుగో వంతు పేరు చెప్పి చందా అడుగుతాం, జమీన్ అడుగుతాం, పర్మిషన్ అడుగుతాం. బడి కట్టాక ఆ నాలుగో వంతు ఇళ్ల నుంచి బిడ్డ వస్తే 'రెడీగా లేదు' అంటాం. ఇది ఏ తరహా ఖిద్మత్?

మన తహజీబ్‌లో చదువు ఎలా మొదలయ్యేదో గుర్తు చేసుకోండి. దక్కన్ ఇళ్లల్లో బిడ్డకి నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండితే బిస్మిల్లా ఖ్వానీ చేస్తారు. ఇది ఫర్జ్ కాదు, రివాజ్. కొందరు చేయరు, అది వాళ్ల ఇష్టం. చేసే ఇంట్లో ఏం జరుగుతుంది? కొత్త బట్టలు, మెడలో పూలదండ. ఒక బుజుర్గ్ పక్కన కూర్చుని ఒక్కో మాట పలికితే బిడ్డ ఒక్కో మాట తిరిగి పలుకుతుంది. సగం మాటలు నోరు తిరగవు. బిడ్డ సిగ్గుపడి అమ్మీ కొంగులో ముఖం దాచుకుంటుంది. అయినా అందరూ 'మాషా అల్లాహ్' అంటారు, లడ్డూలు పంచుతారు. మాట తడబడిందని ఏ బిడ్డనీ ఏ బుజుర్గూ వెనక్కి పంపలేదు. ముందు ఇస్తారు, తర్వాత అడుగుతారు. తాలీమ్ అంటే ఆ వరస. ఇప్పుడు ఆ వయసుకి ఏడాది ముందే, అక్షరం ముఖం చూపించకుండానే, ఏమొచ్చో చెప్పు అంటున్నాం. ఈ పని ఇంగ్లీషు పేరున్న బడి చేస్తే ఒక దుఃఖం. గేటు మీద 'ఇఖ్రా' అని రాసుకున్న బడి చేస్తే రెండు దుఃఖాలు.

మేనేజ్‌మెంట్ల వైపు జవాబు కూడా నాకు తెలుసు. అరవై సీట్లుంటే ఆరు వందల ఫారాలు వస్తాయి భాయ్, ఎలాగో ఒకలా ఏరుకోవాలి కదా అంటారు. నిజమే, ఏరుకోవాలి. దానికి మనకి కొత్త పద్ధతి కనిపెట్టాల్సిన అవసరం లేదు. హజ్ కమిటీ కోటా కంటే దరఖాస్తులు ఎక్కువ వస్తే ఏం చేస్తుంది? ఖుర్రా వేస్తుంది. జిందగీ మొత్తం పైసా పైసా కూడబెట్టిన ముసలాయన పేరు ఖుర్రాలో రాకపోతే కన్నీళ్లు పెట్టుకుంటాడు గానీ, నేను హజ్‌కి లాయక్ కాదన్నారు అనుకోడు. 'ఈసారి పిలుపు రాలేదు' అనుకుని మళ్లీ దరఖాస్తు పెడతాడు. ఖుర్రాలో ఓడిన మనిషి ఇజ్జత్ పోదు. ఇంటర్వ్యూలో ఓడిన మనిషి ఇజ్జత్ పోతుంది. తేడా అంతే, కానీ ఆ తేడా మూడేళ్ల బిడ్డకీ దాని తల్లికీ చాలా పెద్దది. ఇంకా ముందుకి వెళ్తే, బిడ్డగా ఉన్న హజ్రత్ మర్యమ్‌ని ఎవరు సంభాళించాలన్న పోటీ వస్తే కలాలు వేసి తేల్చుకున్న జిక్ర్ సూరె ఆలె ఇమ్రాన్‌లో ఉంది. ఆ బాధ్యత హజ్రత్ జకరియాకి దక్కింది. అక్కడ బిడ్డని ఎవరూ పరీక్షించలేదు. పోటీ పెద్దవాళ్ల మధ్య, ఆమెని చూసుకునే భాగ్యం కోసం.

ఖుర్రా వేస్తే స్టాండర్డ్ పడిపోతుందనేది రెండో జవాబు. బియ్యం పచ్చిగా ఉన్నప్పుడే నోట్లో వేసుకుని, రుచి లేదని పక్కన పెట్టే బావర్చీని మీరు షాదీకి పిలుస్తారా? వండాక ఎలా ఉందో చూసి కదా బావర్చీ పేరు చెప్పుకుంటాం. ముందే వండిన పిల్లల్ని మాత్రమే చేర్చుకుని, పదో తరగతి రిజల్ట్ ఫ్లెక్సీ కట్టే బడి ఏం వండిందని?

కాబట్టి నా డిమాండ్లు ఇవి. రెండు రాష్ట్రాల సర్కార్లు నర్సరీ, ఎల్‌కేజీ అడ్మిషన్లకి కూడా వడపోత నిషేధం వర్తించేలా సొంత రూల్స్ తేవాలి. ఫారం ధరకి హద్దు పెట్టాలి. 25 శాతం సీట్లు బడిలో మొదటి తరగతి ఏదైతే అందులోనే ఇవ్వాలి. నర్సరీ ఉన్న బడిలో నర్సరీ నుంచే ఇవ్వాలని చట్టంలో ఉన్నదే అది. మన ఖౌమ్ బడులు కోర్టు చెప్పేదాకా ఆగకుండా, వయసు, దూరం, తోబుట్టువులు చూసి మిగిలిన సీట్లకి తల్లిదండ్రుల ఎదుటే ఖుర్రా వేయాలి. మొహల్లాలోని గరీబ్ ఇళ్లకి కొన్ని సీట్లు తమంతట తామే విడిచిపెట్టాలి. హక్ ఉంది కాబట్టి ఎవరూ బలవంతపెట్టలేరు. అందుకే ఆ పని చేస్తే దానికి విలువ.

ఈ లోపు ఈ మౌసమ్‌లోనే ఫారాలు నింపుతున్న అమ్మీలకీ అబ్బాలకీ నాలుగు మాటలు. చట్టం మారేదాకా బిడ్డ వయసు ఆగదు, మీరు వెళ్లక తప్పదు. వెళ్లండి. కానీ ఫారం కొనే ముందే అడగండి: బిడ్డని ఏమైనా అడుగుతారా, ఏ జబాన్‌లో అడుగుతారు, దేన్ని బట్టి సీటు ఇస్తారు? రాసి ఇమ్మనండి. ఇవ్వరు. కానీ పదిమంది అడిగితే పదకొండో మనిషికి జవాబు సిద్ధం చేసుకోవాల్సి వస్తుంది. రసీదు ఇవ్వని పైసా ఏ పేరుతో అడిగినా అది డొనేషనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుంచే క్యాపిటేషన్ ఫీజు మీద నిషేధ చట్టం ఉంది. డీఈఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

బిడ్డ వింటుండగా సీటు రాలేదన్న మాట అనకండి. 'ఫేల్' అన్న మాట అసలే వద్దు. మూడేళ్ల బిడ్డ ఏ పరీక్షలోనూ ఫేల్ కాదు, ఎందుకంటే అది పరీక్ష రాస్తున్నట్టు దానికి తెలియదు. ఇంట్లో జబాన్ మార్చకండి. 2020 జాతీయ విద్యావిధానం కూడా చిన్న తరగతుల్లో వీలైనచోట ఇంటి భాషలోనే చెప్పమంటోంది. లాల్ తెలిసిన బిడ్డకి రెడ్ నేర్పడం ఒక పూట పని. ఏ మాట అనాలో తెలియక నోరు మూసుకున్న బిడ్డ చేత మళ్లీ మాట్లాడించడం ఒక పూట పని కాదు.

బడి పేరు కంటే ముందు ఇంటి నుంచి ఎంత దూరమో చూడండి. తరగతిలో ఎందరు పిల్లలు, టాయిలెట్లు ఎలా ఉన్నాయి, పోయినేడు ఉన్న టీచర్లు ఈ ఏడూ ఉన్నారా అని చూడండి. ఫీజుని ఒక్క ఏడాదికి కాకుండా పదో తరగతి దాకా హిసాబ్ వేయండి. కర్జ్ చేసి నర్సరీలో వేసి, మూడో తరగతిలో ఫీజు కట్టలేక బిడ్డని తీసేసిన ఇళ్లు నాకు తెలుసు.

చివరగా మన మేనేజ్‌మెంట్లకి ఒక వాదా. ఈ మౌసమ్‌లో మన ఖౌమ్ బడుల్లో ఒక్కటైనా గేటు మీద 'ఇక్కడ ఇంటర్వ్యూ లేదు, ఖుర్రా ఉంది' అని రాసి పెట్టి, అలాగే చేసి చూపిస్తే నాకు ఖబర్ చేయండి. ఖుర్రా రోజున నేనే వచ్చి వెనక వరసలో నిలబడతాను. ఆ బడి పేరు, ఆ మొహల్లా పేరు పెట్టి ఇక్కడే రాస్తాను.